యంత్రము వ్రాయు చిట్టా – హెచ్చరికల చరిత్ర

ఖమ్మమునుండి ఈశాన్యముగా పోవు బాట కొత్తగూడెము దాటిన పిమ్మట అడవులలో ప్రవేశించి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలము చేరును. ఈ అటవీ సరిహద్దు పాలనావిషయమున పలుమార్లు చేతులు మారినది. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో తూర్పు గోదావరి జిల్లానుండి భద్రాచలము తాలూకా వచ్చి అందులో చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము ప్రత్యేక జిల్లా అయినది. జిల్లా ఏదైనను, వానకాలమున ఇక్కడి ప్రజల నోట నానునవి మూడే అంకెలు: 43, 48, 53.

అవి గోదావరి నీటిమట్టమును అడుగులలో తెలుపు అంకెలు. నీరు 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులవద్ద రెండవది, 53 అడుగులవద్ద మూడవది వెలువడును. 1986 ఆగస్టులో ఇక్కడ నీరు 75.6 అడుగులకు ఎక్కినది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. అట్టి దినములలో ఈ మూడు హెచ్చరికలు ఎంతటి విలువగలవో దుమ్ముగూడెము, చర్ల, బూర్గంపాడు ప్రాంతములవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. వరదకాలమున నీటిమట్టమును గంటగంటకు కొలిచి వ్రాసికొందురు. కాని కొలిచినప్పుడెల్ల ఊరిలో చాటింపు వేయరు. వ్రాయుట వేరు, చాటుట వేరు. ప్రతి అంగుళమునకు చాటింపు వేసినచో జనులు రెండవ దినముననే చెవులు మూసికొందురు. అసలే చాటకున్నచో నిద్రలోనే మునుగుదురు. ఏ మాట చిట్టాలో ఉండిన చాలును, ఏ మాటకు ఊరు మేలుకొనవలెను అను నిర్ణయమునందే హెచ్చరిక యొక్క ప్రాణము కలదు.

కంప్యూటరు లోపలను ఇదే చిక్కు ఉన్నది. దానిని విడదీయుటకు శాస్త్రజ్ఞులకు సుమారు 50 సంవత్సరములు పట్టినది. ఆ చరిత్రను ఇచట తెలిసికొందము.

దుబాసి, అతని చిట్టా

కంప్యూటరును నడిపించు మూలప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. దాని నడిబొడ్డున ఉండు భాగము కెర్నెల్. డిస్కు, కెమెరా, కీబోర్డు, నెట్‌వర్కు కార్డు మొదలగు ప్రతి పరికరమునకు తనదైన భాష ఉండును. ఆ భాషలో మాటలాడుటకు కెర్నెల్‌కు ఒక్కొక్క దుబాసి కావలెను. ఆ దుబాసియే డివైస్ డ్రైవర్.

పని సాగినంతకాలము దుబాసిని ఎవరును పట్టించుకొనరు. పరికరము పలుకకున్నప్పుడు ఏమి జరిగినదో చెప్పగలవాడు అతడొక్కడే. అతడు ఆ మాటను కెర్నెల్ యొక్క చిట్టాలో వ్రాయును. వర్తకుని చిట్టాలో జమాఖర్చులు జరిగిన వరుసనే పడునట్లు, ఇందులోను సంఘటనలు వరుసగా పడును. దీనినే లాగ్ అందురు. వ్రాయుటకు ఉపయోగపడు చిన్న ఆదేశసముదాయములకు ఫంక్షన్లు అని పేరు. నేడు డ్రైవర్ వ్రాయువాని యెదుట ఇట్టి ఫంక్షన్లు పదుల సంఖ్యలో ఉన్నవి. అన్ని యెందుకని విద్యార్థులు అడుగుట సహజము. ఒక్కొక్కటి ఒక్కొక్క ఇబ్బందినుండి పుట్టినదని చరిత్ర చెప్పును.

టెలిటైపు కాలము

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ నిర్మించిన యూనిక్స్ వ్యవస్థ యొక్క ఆరవ కూర్పు 1975లో వెలువడినది. సిడ్నీ నగరములోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను ఉపాధ్యాయుడు తన విద్యార్థుల కొరకు ఆ కెర్నెల్‌కు వ్యాఖ్యానము వ్రాసెను. అది గ్రంథరూపమున బహిరంగముగా అచ్చగుటకు 1996 వరకు ఆగవలసివచ్చినది. ఆ లోపల ప్రతులకు ప్రతులు తీసికొని ఒక తరము విద్యార్థులు దానిని చదివిరి.

ఆ కెర్నెల్‌లో మాట పలుకుటకు ప్రింట్‌ఎఫ్ అను చిన్న ఫంక్షన్ ఉండెడిది. అది మాటను నేరుగా కన్సోల్ అనబడు ముఖ్య టెలిటైపు యంత్రముమీద అచ్చొత్తెడిది. టెలిటైప్ 33 వంటి యంత్రము సెకనుకు 10 అక్షరములు మాత్రమే అచ్చొత్తగలదు. 80 అక్షరముల పంక్తి ఒకటి ముగియుటకు 8 సెకనులు కావలెను. అంతసేపును వ్యవస్థలోని తక్కిన పనులన్నియు దాదాపు నిలిచిపోయెడివి. అందుచేతనే ఆ ఫంక్షన్‌ను పిచ్చాపాటీకి వాడరాదని దానిని వ్రాసినవారు దాని నెత్తిననే ఒక హెచ్చరిక ఉంచిరి. డ్రైవర్ మితముగా పలుకవలెనను నీతికి ఇది చాల పాత సాక్ష్యము.

ఆ కాలమున మాటలను ఆపుటకు ఒకటే మార్గము. యంత్రము ముందుభాగమున ఉన్న మీటలన్నిటిని సున్నకు దించినచో అచ్చు మొత్తము ఆగిపోయెడిది. అల్పమైన మాటను ఆపి, ఘనమైన మాటను వినుట సాధ్యము కాదు. అయినను తేడాల బీజములు అప్పుడే పడినవి. డిస్కువంటి పరికరమునందు దోషము కలిగినప్పుడు పలుకుటకు డెవ్ఎర్రర్ అను వేరొక ఫంక్షన్ ఉండెను. అది పరికరము యొక్క సంఖ్యలను, దోషము కలిగిన బ్లాకు సంఖ్యను కలిపి చెప్పెడిది. ఇక వ్యవస్థ ముందుకు సాగుట అసాధ్యమైనప్పుడు పానిక్ అను ఫంక్షన్ చివరి మాట పలికి యంత్రమును నిలిపివేసెడిది. మామూలు మాట, పరికరదోషము, సర్వనాశనము అను మూడు మెట్లు ఇట్లేర్పడినవి.

ఎనిమిది మెట్లు

1980 దశకము ఆరంభమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అను తపాలా ప్రోగ్రామును రచించుచుండెను. ఉత్తరముల రాకపోకలను నమోదు చేయుటకు ఆయన సిస్‌లాగ్ అను చిట్టావిధానమును కల్పించెను. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ కూర్పులో అది చేరినది. తక్కిన ప్రోగ్రాములును దానినే అనుసరించినవి. 2001లోను, 2009లోను ఇంటర్నెట్ ప్రమాణపత్రములు దీనిని వివరించినవి.

ఈ విధానములో ప్రతి మాటకు తీవ్రతను తెలుపు అంకె ఉండును. 0 అనగా వ్యవస్థ పూర్తిగా నిరుపయోగమైనది. 1 తక్షణము చేయి చేసికొనవలసిన స్థితి. 2 విషమస్థితి. 3 దోషము. 4 హెచ్చరిక. 5 మామూలే గాని గమనింపదగినది. 6 సమాచారము. 7 శోధకులకు మాత్రము పనికివచ్చు వివరము. భద్రాచలములో అంకె పెరిగినకొలది ప్రమాదము పెరుగును. ఇక్కడ అంకె తగ్గినకొలది పెరుగును. విద్యార్థులు మొదట తికమకపడు చోటు ఇదే.

1991లో ఫిన్‌లాండు దేశమున హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌లో మాట పలుకు ఫంక్షన్‌కు ప్రింట్‌కె అని పేరు. కాలక్రమమున అదియు ఈ ఎనిమిది మెట్లనే స్వీకరించినది. పాత యూనిక్స్ నాటి చిక్కు ఇందులో చక్కగా విడిపోయినది. ప్రతి మాటయు ముందు కెర్నెల్ స్మృతిలోని వలయాకారపు చిట్టాలో పడును. ఆ చిట్టా నిర్ణీత పరిమాణము గలది. నిండినప్పుడు అన్నిటికంటె పాత మాటను చెరిపి కొత్తది వ్రాయును. కన్సోల్‌కు మాత్రము ఒక గడప ఉండును. ఆ గడప అంకెకంటె తక్కువ అంకె గల మాటలే, అనగా తగినంత తీవ్రమైనవే, కన్సోల్‌పై కనబడును. వ్రాయుట వేరు, చాటుట వేరు అను గోదావరి ఒడ్డు న్యాయము ఇట్లు కెర్నెల్‌లో ప్రవేశించినది.

భారతదేశమున కేంద్ర జలసంఘమువారి వరదసూచనలును ఇట్టివే. 1958లో ఢిల్లీవద్ద యమునానదిపై ఆరంభమైన ఆ సేవలో నేడు వరదలను సాధారణము, అంతకు మించినది, తీవ్రము, అతితీవ్రము అని విభజించుచున్నారు. మెట్ల సంఖ్య నాలుగైనను ఎనిమిదైనను సూత్రమొకటే. ప్రతి మెట్టుకు వినువాడు చేయవలసిన పని ఒకటి వేరుగా ఉండవలెను. పని మారకున్నచో మెట్టు వ్యర్థము.

మొర ఎవరిది?

మెట్లు ఏర్పడినంతమాత్రమున చిక్కు తీరలేదు. చిట్టాలో “చదువుట విఫలమైనది” అని ఒక పంక్తి కనబడినదనుకొందము. ఏది చదువుట? ఏ పరికరము? ఒకే డ్రైవర్ నాలుగు ఒకేవిధమైన పరికరములను నడుపుచుండవచ్చును. గోదావరి పొంగినదని మాత్రము కబురు వచ్చి, పేరూరువద్దనా, భద్రాచలమువద్దనా, ధవళేశ్వరమువద్దనా అని తెలియకున్నచో ఆ కబురుతో ఎవరేమి చేయగలరు?

2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌లో పరికరములన్నిటిని ఒకే వంశవృక్షముగా కూర్చు ఏర్పాటు వచ్చినది. దానితో డెవ్-ఎర్, డెవ్-వార్న్, డెవ్-ఇన్ఫో, డెవ్-డీబగ్ అను ఫంక్షన్లు వాడుకలోనికి వచ్చినవి. వీనికి మాటతోపాటు పరికరమును గూడ అప్పగింపవలెను. అవి డ్రైవర్ పేరును, పరికరము పేరును తామే ముందు వ్రాసి, తరువాత మాటను వ్రాయును. ప్రోగ్రాము వ్రాయువాడు మరచినను పేరు మరుగున పడదు.

అప్పటినుండి డ్రైవర్ వ్రాయువారిలో ఒక వరుస స్థిరపడినది. నెట్‌వర్కు కార్డు వంటి ప్రత్యేక వర్గమునకు చెందిన పరికరమైనచో ఆ వర్గపు ఫంక్షన్, అనగా నెట్‌డెవ్-ఎర్ వంటిది, వాడవలెను. అట్టిది లేనప్పుడు డెవ్-ఎర్ కుటుంబము. చేతిలో ఏ పరికరమును లేనప్పుడు మాత్రమే పీఆర్-ఎర్ కుటుంబము. ఒట్టి ప్రింట్‌కెను నేరుగా పిలుచుట అన్నిటికంటె చివరిది. కెర్నెల్‌తోపాటు లభించు తనిఖీ ప్రోగ్రాము గూడ ఇదే వరుసను సూచించును.

వరద వేరు, దోషము వేరు

ఇక మెట్టును ఎన్నుకొను విధమును ఒక ఉదాహరణముతో చూతము. ఒక పాఠశాల విజ్ఞానసంఘము అడవివాగుపై నున్న వంతెనకు నీటిమట్టమును కొలుచు పరికరమును వ్రేలాడదీసినదనుకొందము. అది క్రిందికి ధ్వనితరంగమును పంపి, ప్రతిధ్వని వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. గాలిలో ధ్వని సెకనుకు ఇంచుమించు 340 మీటర్లు పోవును గనుక, ప్రతిధ్వని 0.02 సెకనులో వచ్చినచో నీరు 3.4 మీటర్ల దిగువన ఉన్నదని అర్థము. ఈ పరికరమునకు డ్రైవర్ వ్రాయవలెను.

కంప్యూటరు మేలుకొన్నది, పరికరము దొరికినది, అంతయు సవ్యముగా ఉన్నది. కొత్తగా వ్రాయువారు ఇక్కడ “నేను వచ్చితిని” అని సమాచారస్థాయిలో చాటుదురు. సవ్యముగా పనిచేయు డ్రైవర్ నిశ్శబ్దముగా ఉండవలెనని కెర్నెల్ రచనానియమము. చెప్పితీరవలెననిన డెవ్-డీబగ్ చాలును.

పరికరమునకు విద్యుత్తు నిచ్చు మరొక భాగము ఇంకను సిద్ధము కాలేదు. అప్పుడు డ్రైవర్ వెనుదిరిగి మరల వచ్చును. 2012లో ప్రవేశించిన ఈ వాయిదాపద్ధతి మంచిదే గాని, అనేక డ్రైవర్లు ప్రతి వాయిదాను దోషముగా చిట్టాకెక్కించుచు వచ్చినవి. 2020లో డెవ్-ఎర్-ప్రోబ్ అను ఫంక్షన్ వచ్చినది. వచ్చినది వాయిదా అయినచో అది శోధనస్థాయిలో మాత్రమే వ్రాయును. నిజమైన వైఫల్యమైనచో దోషమని వ్రాయును.

ఒక కొలత చెడినది. మరల కొలిచినప్పుడు సరిపోయినది. ఇది శోధనవివరము. పదేపదే చెడుచు ఎట్లో సాగుచున్నది. తీగెయో బిగింపో సడలుచుండవచ్చును. ఇది హెచ్చరిక, డెవ్-వార్న్. ఎన్నిమార్లు యత్నించినను ప్రతిధ్వని రాలేదు. కొలత ఇచ్చుట సాధ్యము కాలేదు. ఇది దోషము, డెవ్-ఎర్. దానితోపాటు అడిగిన ప్రోగ్రామునకు దోషసంఖ్యను తిరిగి పంపవలెను. అడిగిన ప్రోగ్రామే తప్పుడు విలువ నిచ్చినచో దోషసంఖ్యను మాత్రము పంపి ఊరకుండవలెను. లేనియెడల ఏ ప్రోగ్రామైనను తప్పుడు ప్రశ్నలు వేయుచు చిట్టాను నింపివేయగలదు. 0, 1, 2 మెట్లతో ఇట్టి చిన్న డ్రైవర్‌కు దాదాపు పనియే ఉండదు. ఒక కొలతపరికరము చెడినంతమాత్రమున వ్యవస్థ అంతయు కూలదు గదా!

ఇప్పుడు అసలు ప్రశ్న. అర్ధరాత్రివేళ వాగు పొంగి, నీరు వంతెనను అంటవచ్చినది. డ్రైవర్ ఏ మెట్టున వ్రాయవలెను?

ఏ మెట్టునను వ్రాయరాదు. పరికరము సరిగా కొలిచినది. డ్రైవర్ కొలతను సరిగా అందించినది. ఆ కొలతను చూచి ఊరిని లేపుట పై ప్రోగ్రాము పని, దానిని కనిపెట్టి యుండు మనుష్యుల పని. నదికి అది ఘోరమైన రాత్రి, డ్రైవర్‌కు మాత్రము మామూలు రాత్రి. ఇందుకు విరుద్ధముగా, నిండు వేసవిలో వాగు ఎండి ఇసుక కనబడుచున్న దినమున పరికరము మూగవోయినచో, అది దోషమే. వరద తీవ్రత వేరు, పరికరదోష తీవ్రత వేరు. ఈ రెంటిని కలగాపులగము చేసిన డ్రైవర్ వరదరాత్రి తన కేకలతో చిట్టాను నింపి, సరిగా ఆ వేళ తీగె తెగినదను ఒక్క పంక్తిని మరుగుపరచును.

మాటకు ఖరీదు

టెలిటైపులు పోయినను మాట ఉచితము కాలేదు. కర్మాగారములలోను, మారుమూల కేంద్రములలోను నేటికిని సీరియల్ తీగెద్వారా కన్సోల్‌ను చదువు యంత్రములు కలవు. సెకనుకు 9600 బిట్ల వేగమున, అక్షరమునకు 10 బిట్ల చొప్పున, సెకనుకు 960 అక్షరములు పోవును. అనగా 80 అక్షరముల పంక్తులు 12 మాత్రమే. సెకనుకు వేయిమార్లు విఫలమగు పరికరము వేయిమార్లు మొరపెట్టినచో యంత్రము ఆ మొరలు వినుటలోనే కాలము గడపును.

ఇందుకు విరుగుడుగా వేగపరిమితి గల ఫంక్షన్లు వచ్చినవి. సాధారణముగా 5 సెకనులలో 10 మాటలను అనుమతించి, మిగిలినవానిని ఆపి, ఎన్ని ఆపినదో లెక్క చెప్పును. ఇందులోను ఒక గుణపాఠము కలదు. మొదటి ఏర్పాటులో కెర్నెల్ అంతటికి ఒకే లెక్క ఉండెను. ఒక వాచాలుడైన డ్రైవర్ ఆ పది మాటలను తానే వాడుకొనగా, మితభాషి మాట ఆగిపోయెడిది. అందుచే ఇప్పుడు ఏ చోటి లెక్క ఆ చోటనే ఉంచు డెవ్-వార్న్-రేట్‌లిమిటెడ్ వంటి ఫంక్షన్లను వాడుమని బోధించుచున్నారు. ఒక్కమారు చెప్పిన చాలునను మాటకు వన్స్ అను తోక గల ఫంక్షన్లు ఉన్నవి.

శోధనవివరముల మాట మరొకటి. అవి మామూలు దినములలో అక్కరలేదు. చెడిన దినమున అవియే కావలెను. 2009లో వచ్చిన డైనమిక్ డీబగ్ పద్ధతివలన, నడుచుచున్న కెర్నెల్‌లోనే కోరిన ఫైలులోని, కోరిన ఫంక్షన్‌లోని, కోరిన పంక్తిలోని డెవ్-డీబగ్ మాటను మేలుకొలుపవచ్చును, నిద్రపుచ్చవచ్చును. యూనిక్స్ ఆరవ కూర్పున అన్ని మీటలు కలిపి ఒక్క మాట చెప్పెడివి. ఇప్పుడు పంక్తికొక మీట ఏర్పడినది.

మాట ఖరీదు ఎంతటిదో 2024లో జరిగిన ఒక ఘట్టము తెలుపును. నిర్ణీతకాలములో జవాబు ఇచ్చి తీరవలసిన యంత్రముల కొరకు లినక్స్‌ను మలచు కృషి సుమారు 20 సంవత్సరములు సాగినది. అది ముఖ్య కెర్నెల్‌లో పూర్తిగా చేరుటకు చివరివరకు మిగిలిన అడ్డంకులలో ప్రింట్‌కె ప్రధానమైనది. చిట్టా వ్రాయువాడు ఎప్పుడు పలికినను ఇతరుల పనిని ఆపకుండునట్లు దానిని తిరిగి నిర్మించిన పిమ్మటనే, 2024 నవంబరున వెలువడిన 6.12 కూర్పులో ఆ కృషి ఫలించినది.

తెలిసికొనవలసినది

“నాన్నా పులి” కథ ఎరుగని తెలుగు బాలుడు లేడు. ఆ కథలోని కుర్రవానికి పులి మాట ఒక్కటే తెలియును. మేకపిల్ల తప్పిపోయినను, తనకు పొద్దుపోకున్నను అదే కేక. డ్రైవర్ వ్రాయువానికి ఎనిమిది మెట్లు, పరికరము పేరును చెప్పు ఫంక్షన్లు, వేగపరిమితి, పంక్తికొక మీట – ఇన్ని సాధనములు చరిత్ర ఇచ్చినది. వానిలో ఒకదానిని ఎన్నుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. ఈ మాట వినినవాడు ఏమి చేయవలెను? ఏ పరికరమును గూర్చి? ఇది ఎంత తరచుగా పలుకబడును? మొదటి ప్రశ్న మెట్టును, రెండవది ఫంక్షన్ల కుటుంబమును, మూడవది పరిమితిని నిర్ణయించును.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయమును బోధించునప్పుడు నల్లబల్లపై ముందుగా 43, 48, 53 అను అంకెలను వ్రాసి, ఒక్కొక్కదాని వద్ద ఎవరెవరు ఏమేమి చేయుదురో పిల్లలచేతనే చెప్పింపవచ్చును. పిమ్మట 0 నుండి 7 వరకు గల మెట్లను వ్రాసి అదే ప్రశ్న వేయవలెను. గోదావరి ఒడ్డు పిల్లలకు జవాబు సులభముగానే తోచును. చిట్టాను చదువువాడు అర్ధరాత్రివేళ, అలసట మీద, ఒక్క పంక్తి కొరకు వెదకుచుండును. ఆ పంక్తి అతని కంటబడునట్లు చేయుట, దానిని చాలముందుగా పగటివేళ కూర్చుండి వ్రాసినవాని బాధ్యత.